చింతబనంలో ఎడమ చుట్టు

బీదర్ దగ్గర కమఠాణ దాటి కొంత దూరం వెళ్లాక, నేల కిందికి వంగడం మొదలయ్యే చోట ఒక పాత చింతబనం ఉంది. ఆ చెట్లు ఎవరు నాటారో ఊళ్లో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కొందరు సుల్తానుల కాలం అంటారు, కొందరు నిజాం కాలం అంటారు. నాకు తెలిసింది ఒక్కటే. అక్కడి మొద్దుల్లో చాలావాటికి ముగ్గురు మనుషులు చేతులు కలిపినా చుట్టు అందదు.

అటవీశాఖ వాళ్లు ఆ బనం చుట్టూ గుండ్రంగా ఒక నడకదారి వేశారు. గేటు దగ్గర మొదలై, చెట్లన్నిటినీ చుట్టి, మళ్లీ అదే గేటుకు వస్తుంది. ఎక్కుడూ దిగుడూ లేదు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు కూడా మెల్లగా తిరిగి రాగలరు. దారికి లోపలి అంచున, అంటే పెద్ద చెట్లున్న పక్కన, ఎర్రరాళ్లు వరుసగా పాతి ఉంటాయి. బయటి అంచున ఏమీ ఉండదు. పొదలు, తరువాత పొలాలు, అంతే. గేటు దగ్గర బోర్డు మీద బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణం చూపించినట్టు వెళితే చెట్లు మనిషికి కుడిచేతి పక్కన ఉంటాయి, గుడి చుట్టూ తిరిగినప్పుడు దేవుడు ఉన్నట్టు. బోర్డు పెట్టినవాళ్లు అది ఆలోచించి పెట్టారో లేదో తెలియదు. బోర్డు లేకపోయినా జనం అటే తిరిగేవాళ్లు.

చింతచెట్టు మనకు కొత్త కాదు. రోడ్డు పక్కన, పొలం గట్టున చూస్తూనే ఉంటాం. కానీ ఆ బనంలో నిలబడితే, ఇది మనకు తెలిసిన చెట్టేనా అన్న అనుమానం వస్తుంది. బెరడు ఎండాకాలపు నల్లరేగడి చేనులా పగిలి ఉంటుంది. పగుళ్లలో వేలు సగం వరకు దిగుతుంది. కొన్ని మొద్దులు లావు మోకు పేనినట్టు మెలితిరిగి పైకి పోతాయి. ఒకదాని లోపల డొల్లలో దూడను కట్టేయవచ్చు. ఆకు చిన్నది కాబట్టి నీడ కూడా సన్నగా, పిండి జల్లినట్టు పడుతుంది. అష్టూరులో సుల్తానుల సమాధుల గుంబజుల లోపలికి పోయినప్పుడు గొంతు దానంతటదే తగ్గుతుంది కదా, అక్కడా అంతే. పిల్లలు కూడా లోపలికి వచ్చాక కాసేపు అరవరు.

నన్ను అక్కడికి తీసుకువెళ్లింది మా మామ. నిజానికి నేనే ఆయనను తీసుకువెళ్లాను, కానీ అడిగింది ఆయన.

మామ మా అమ్మకు అన్న. వాళ్ల కుటుంబం తరాలుగా బీదర్‌లోనే ఉంది. నేను నారాయణఖేడ్ నుంచి చదువుకోవడానికి వచ్చి, వాళ్ల ఇంటి పై గదిలో ఉండి, చదువు అయ్యాక ఊరి బయట ఒక మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరి, ఆ గదిలోనే ఉండిపోయాను. పీడనం, వేడి కొలిచే మీటర్లు నిజం చెబుతున్నాయో లేదో చూడడం నా పని. మామ బస్సు డ్రైవరు. మొదట సంతపూర్ మీదుగా ఔరాద్ పోయే రూటు, చివరి సంవత్సరాల్లో కమఠాణ రూటు. కంటిజబ్బు బయటపడ్డాక స్టీరింగు మీదినుంచి దింపి డిపోలో కూర్చోబెట్టారు. తరువాత ఆయనే మానేశాడు.

జబ్బు పేరు నీటికాసులు. బీదర్‌లో అందరూ కాలా మోతియా అంటారు. చూపు అంచుల నుంచి పోతూ వస్తుంది. ఎదురుగా పెట్టిన పళ్లెం కనిపిస్తుంది, దాని పక్కన పెట్టిన గ్లాసు కనిపించదు. పైపులోంచి చూసినట్టు ఉంటుందని ఆయన చెప్పేవాడు. పోయిన చూపు మందులకు తిరిగి రాదు. ఉన్నది ఎంతకాలం నిలుస్తుందన్నదే ప్రశ్న. ఇది రాస్తున్నప్పటికి ఆయనకు వెలుతురూ చీకటీ తేడా మాత్రం తెలుస్తుంది. నేను చెప్పబోయేది అంతకుముందు సంగతి.

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి మామ మేడ మీద ఒక్కడే కూర్చున్నాడు.

"ఏం మామా, చీకట్ల కూసున్నవ్?"

"నాకు చీకటేంది, పొద్దేంది. పొద్దుగాల పాలప్యాకెట్ తెస్త అని బయలెల్లిన అల్లుడా. మీ అత్త చెప్పులు గూడ తొడుక్కోకుంట ఉర్కొచ్చి చెయ్యి పట్టుకున్నది. గల్లీ మొత్తం చూసింది. పెండ్లినాడు గూడ గట్ల పట్టుకోలే."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నజర్ పోతది. డాక్టర్ చెప్పిండు, నాకు ఎరికే. పోకముందు ఒక్కటి గావాలె. ఎవరి చెయ్యి లేకుంట, ఎనక ఎవరు రాకుంట, ఒక్కడినే ఒక తొవ్వ పోయి రావాలె. బజార్ల వద్దు, బజార్ల బండ్లుంటయి. కమఠాణ కాడ ఇమ్లీబన్ ఉన్నది గదా. ఎన్నేండ్లు దాని పక్కకెల్లి బస్సు తోలిన, ఒక్కనాడు దిగి చూడలే. అక్కడ ఒక్క చక్కర్ కొట్టాలె."

ఆయన కోరింది అంతే. ఒక్క చక్కర్, ఒక్కడే.

వానలు తగ్గాక ఆదివారాలు పొద్దున్నే వెళ్లడం మొదలుపెట్టాం. దారి అలవాటయ్యేదాకా నేను వెనక నడవాలని ఒప్పందం. మామ చేతికర్ర పట్టుకొని ముందు నడిచేవాడు. ప్రతి పెద్ద చెట్టు దగ్గరా ఆగేవాడు. మొద్దు అడుగున చూపు పెట్టి, తలను మెల్లగా పైకి ఎత్తుతూ, కొమ్మ చీలే చోటు దాకా చూసి, మళ్లీ కిందికి దిగేవాడు. చెట్టు మొత్తం చూడడానికి ఆయనకు చాలా సమయం పట్టేది. నేనూ అలా చూడడానికి ప్రయత్నించాను. అప్పుడు తెలిసింది, ఆ చెట్టు నాకూ మొత్తం కనిపించడం లేదు. దగ్గర నిలబడితే తల కనిపించదు. వెనక్కి జరిగితే ఇంకో చెట్టు అడ్డం వస్తుంది. ఎవరైనా ముక్కలుగా చూసి మనసులో అతికించుకోవాల్సిందే.

"నాకూ సగమే కనబడ్తాంది మామా," అన్నాను.

"ఐతే ఇక్కడ మనమిద్దరం బరాబర్," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో చాలా రోజుల తరువాత కొంచెం హుషారు వినిపించింది.

మూడో నాలుగో ఆదివారం అనుకుంటాను, ఆయన బాగా నడుస్తున్నాడని నేను కావాలనే దూరం పెంచాను. గేటుకు ఎదురు కొసలో దారి మలుపు తిరుగుతుంది. అక్కడ బయటి అంచు నుంచి ఒక బండ్లబాట విడిపోతుంది. అది పాత ఖదాన్‌కు పోయే బాట. ఖదాన్ అంటే ఎర్రరాయి కోసుకుపోయిన గుంత. అంచులు నిలువుగా గోడల్లా ఉంటాయి, అడుగున వాననీళ్లు నిలిచి ఉంటాయి, చుట్టూ కంచె లేదు. నేను మలుపు తిరిగేసరికి దారి మీద మామ లేడు. బండ్లబాట మీద, నెమ్మదిగా, నమ్మకంగా నడుచుకుంటూ పోతున్నాడు.

"మామా, ఆగు! ఆడనే ఆగు!"

ఆగాడు. నేను పరుగెత్తి వెళ్లి భుజం పట్టుకున్నాను.

"తొవ్వ ఇదే గదా?" అన్నాడు.

"ఇది బండ్లబాట. ముందల ఖదాన్ ఉన్నది."

ఆయనను వెనక్కి తీసుకువచ్చి ఒక రాయి మీద కూర్చోబెట్టాను. కర్రను పక్కన పెట్టి చెప్పాడు.

"సర్వీసంత ఎడమ పక్కకే తోలిన. ఎడమ అంచు ఇడువకు, బండి రోడ్డు దిగది అని నేర్పిండ్రు. చెయ్యి నేర్చుకున్నది అనుకున్న. కాళ్లు గూడ గదే నేర్చుకున్నయి."

అది నిజం. ఆ తరువాత గమనించి చూశాను. ఇంట్లో వరండాలో నడిచినా ఆయన ఎడమ గోడ పక్కనే నడిచేవాడు. బనంలో బాణం చూపించిన వైపు తిరిగితే ఎడమ అంటే బయటి అంచు. రాళ్లు లేని అంచు. ఖదాన్ బాట విడిపోయే అంచు.

ఆ వారమంతా నా బుర్ర ఆ పనిలోనే ఉంది. బయటి అంచున తాడు కడదామంటే అటవీశాఖ వాళ్లు ఒప్పుకోరు. బండ్లబాటకు ముళ్లకంప అడ్డం వేద్దామంటే పొలాల వాళ్లకు అదే దారి. మలుపు దగ్గర రాళ్లకు సున్నం వేద్దామనుకున్నాను, కానీ చెట్ల నీడలో ఆయనకు తెలుపూ ఎరుపూ ఒకటే. చివరకు ఫోనులో దారి గుర్తించి చెవిలో చెప్పే ఏర్పాటు చేశాను. గేటు దగ్గర నిలబడి పరీక్షిస్తే, మేం ఖదాన్ మధ్యలో ఉన్నామని చెప్పింది. అది సరిచేయవచ్చేమో కానీ మామ చెవిలోంచి తీసి నా చేతిలో పెట్టేశాడు.

"ఇది చెవుల మాట్లాడితే ఒక్కడినే ఎట్లయితది? నువ్వు నా చెవుల దూరి నడిపిచ్చినట్టే."

అప్పుడు, ఫ్యాక్టరీలో ఒక వాల్వు తిరగేసి బిగించి ఉండడం చూస్తూ ఉండగా, నాకు తట్టింది. మనిషిని మార్చనక్కర లేదు, దారిని మార్చనక్కర లేదు. తిరిగే దిక్కు మారిస్తే చాలు. బాణానికి ఎదురుగా నడిస్తే ఎడమ అంటే లోపలి అంచు. పొడవునా రాళ్ల వరుస ఉన్న అంచు. ఖదాన్ బాట కుడిపక్కకు పోతుంది, కర్రకు అది ఉన్నట్టే తెలియదు.

మరుసటి ఆదివారం మామతో చెప్పకుండా ఒక్కడినే వెళ్లాను. పొద్దున్నే జనం లేని సమయంలో రుమాలు కళ్లకు కట్టుకొని, ఒక కర్రను ఎడమచేత్తో రాళ్లకు తాకిస్తూ నడిచాను. చప్పుడు టక్ టక్ మని తెగకుండా వచ్చింది. ఖదాన్ మలుపు ఎప్పుడు దాటానో కూడా తెలియలేదు. గేటు కమ్మీ చేతికి తగిలాక రుమాలు విప్పాను. చాలా సంతోషించాల్సిన సమయం. కానీ ఎడమ భుజం ఎందుకో బరువుగా ఉంది. కర్ర పట్టుకున్న చెయ్యి కదా, అనుకున్నాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఇద్దరికీ చెప్పాను. అత్త జొన్నరొట్టెలు వడ్డిస్తోంది. నా పళ్లెంలో ఉన్న రొట్టెనే బనం అనుకోమని, మామ చూపుకు ఎదురుగా పెట్టి, దాని చుట్టూ వేలు తిప్పి చూపించాను. మొదట అందరూ తిరిగే తీరు, తరువాత నేను అనుకున్న తీరు. మామ తల ఊపుతూ విన్నాడు. అత్త నా వేలినే చూస్తోంది. నేను చెప్పడం అయ్యాక ఆ రొట్టెను నా పళ్లెంలోంచి తీసి పక్కన పెట్టింది.

"గట్ల ఎప్పుడు తిరుగుతరు అల్లుడా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"తెల్వదా? నువ్వే తిరిగినవ్ గదా."

అప్పుడు అర్థమైంది. నా చదువు చివరి సంవత్సరంలో మా నాన్న పోయాడు. నీళ్లకుండ ఎడమ భుజాన పెట్టుకొని కాష్ఠం చుట్టూ తిరిగింది నేను. ఆ తిరుగుడు ఒక్కటే ఎడమకు. బతుకులో ఇంకెక్కడా మనవాళ్లు అలా తిరగరు, గుడి చుట్టూ కాదు, పెళ్లిపందిట్లో కాదు. ఆ రోజు నా కాళ్లు తడబడుతుంటే వెనకనుంచి మోచెయ్యి పట్టుకొని నడిపించింది మామే. పొద్దున కళ్లకు గంతలు కట్టుకొని మళ్లీ అదే తీరుగా తిరిగి వచ్చాను, అయినా నాకు గుర్తు రాలేదు. భుజానికి మాత్రం గుర్తు ఉంది.

మామ అన్నాడు, "ఏమే, అవి చెట్లు. కాష్ఠం కాదు."

"చెట్లయితేంది? నడిచేది మనిషే గదా."

"కట్టెకు కుడి ఎడమ ఎరికుంటదా?"

"నాకు ఎరికే," అంది అత్త. "సచ్చినోళ్ల తిరుగుడు బతికున్న మనిషి ఎందుకు తిరగాలె? అందుల గూడ చింతచెట్ల కింద. నేను నోరిడిచి చెప్పుతున్న, ఒద్దు."

మామ చెయ్యి కడుక్కొని వెళ్లి పడుకున్నాడు.

చలికాలమంతా మేము బనానికి పోలేదు. మామ అడగలేదు, నేను ఆ మాట ఎత్తలేదు. అత్త కోపంగా ఏమీ లేదు, ఎప్పటిలాగే ఉంది. ఆయనకు నచ్చే కూరలు చేసేది. బయటికి పోవాలంటే చెయ్యి అందించేది. ఆయన పట్టుకునేవాడు. అది చూడడం నాకు కష్టంగా ఉండేది.

ఎండలు మొదలయ్యాక కళ్లు చూపించడానికి మామను హైదరాబాద్ తీసుకువెళ్లాను. చూపు ఎంతవరకు ఉందో కొలిచి కాగితం మీద పటం వేసి ఇస్తారు. పోయిన భాగం నలుపు, ఉన్న భాగం తెలుపు. మీటర్ల పటాలు రోజూ చూసేవాడిని, అది చదవడం నాకు కష్టం కాలేదు. కిందటిసారి పటం పక్కన పెట్టుకొని చూశాను. నలుపు నాలుగు పక్కల నుంచీ లోపలికి వచ్చింది. మధ్యలో మిగిలింది చాలా కొంచెం. తిరుగు బస్సులో జహీరాబాద్ దాటాక మామ అడిగాడు.

"ఎంత ఉన్నదిరా?"

"కొంచెమే మామా."

"అబద్ధం చెప్పుతలేవు గదా?"

"లేదు."

"ఐతే ఈ ఎండకాలంల పోవాలె," అన్నాడు. ఎక్కడికి అని నేను అడగలేదు.

ఇంటికి వచ్చాక చెప్పులు విడుస్తూనే అత్తతో చెప్పాడు.

"ఆదివారం ఇమ్లీబన్ పోతున్న."

"ఎటు దిక్కు తిరుగుతవ్?"

"రాళ్లు ఎటుంటె అటు."

"నేను రాను."

"నిన్ను రమ్మని అడగలే."

అత్త వంటింట్లోకి వెళ్లింది. కాసేపయ్యాక నేను మంచినీళ్లకు వెళితే పొయ్యి వెలిగించకుండా నిలబడి ఉంది.

"ఖదాన్ల పడితే ఏం జేస్తవ్ అల్లుడా?"

"అటు తిరిగితే పడడు అత్తా. అందరి తీరు తిరిగితేనే భయం."

"అంటె మంచి తిరుగుడు తిరిగితే గుంతల పడతడు, చెడ్డ తిరుగుడు తిరిగితే సిదా ఇంటికొస్తడు. ఏం హిసాబ్ ఇది?"

లెక్క ప్రకారం ఆమె చెప్పింది సరిగ్గానే ఉంది. ఆమె భయం కూడా నాకు అబద్ధంగా అనిపించలేదు. ఆ తిరుగుడులో భుజం మీద పడే బరువు నాకు తెలుసు.

ఆదివారం పొద్దున ఆటో పిలుచుకొని వచ్చేసరికి అత్త అప్పటికే చీర మార్చుకొని గడప మీద కూర్చుంది.

"ఇంట్ల ఒక్కదాన్ని కూసుండి ఏం జెయ్యాలె?" అని ఎవరూ అడగకుండానే చెప్పి, ఆటోలో లోపలి సీట్లో కూర్చుంది.

బనం లేతగా చిగురించి ఉంది. పోయిన వానల తరువాత చూసిన ముదురు పచ్చ కాదు. ఎరుపు కలిసిన సన్నటి పచ్చ. అంత పెద్ద మొద్దుల మీద అంత లేత ఆకు ఎలా వస్తుందో అని నేను కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. మామ గేటు కమ్మీ పట్టుకొని కర్రను ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. బాణానికి ఎదురుగా తిరిగి, రాళ్ల వరుసను వెతికి పట్టుకున్నాడు. గేటు దగ్గర కాపలా మనిషి లేచాడు.

"అజ్జా, ఆ కడి హోగ్రి. బాణ ఆ కడి అద," అని బాణం ఉన్న వైపు చెయ్యి చూపించాడు.

"గొత్తద, గొత్తద," అన్నాడు మామ. తెలుసు, తెలుసు అని. తరువాత మా వైపు తల తిప్పకుండా అన్నాడు, "ఎనక రావద్దు. వస్తె నాకు తెలుస్తది."

వెళ్లాడు. టక్ టక్ చప్పుడు కొంతసేపు వినిపించింది. మొదటి పెద్ద చెట్టు దగ్గర ఆగింది. ఆయన చెట్టును చూస్తున్నాడని అర్థమైంది. మళ్లీ మొదలైంది. తరువాత చిలకల గోలలో కలిసిపోయింది.

అత్త గేటు పక్కన రాయి మీద కూర్చుంది. కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. నేను పక్కన నిలబడ్డాను. ఆయన ఖదాన్ మలుపుకు ఎప్పుడు చేరతాడో మనసులో అంచనా వేయడం మొదలుపెట్టాను. చెట్ల దగ్గర ఎంతసేపు ఆగుతాడో తెలియదు కాబట్టి ఆ అంచనాకు అర్థం లేదు. అయినా మానలేకపోయాను.

ఉన్నట్టుండి అత్త లేచింది. కొంగు నడుముకు దోపుకుంది. బాణం చూపించిన వైపు నడవడం మొదలుపెట్టింది.

"అత్తా, ఎటు? మామ రావద్దన్నడు గదా."

"ఎనక రావద్దన్నడు. నేను ఎనక పోతలేను." ఆగి వెనక్కి చూసింది. "అందరు పోయే తొవ్వ పోతున్న. ఆయన తిరిగిందాన్ని ఎవరో ఒకరు తిప్పి పెట్టాలె గదా. నువ్వు ఆడనే ఉండు."

మోకాళ్ల నొప్పితో కొంచెం పక్కకు ఒరుగుతూ నడుస్తుంది ఆమె. చెట్లను కుడిచేతి పక్కన పెట్టుకొని, ఒక్కో మొద్దు దాటుతూ వెళ్లిపోయింది. ఆయన వేసిన ముడిని ఆమె రెండో కొస నుంచి విప్పుకుంటూ పోతున్నదని అప్పుడు నాకు అర్థమైంది. ఒప్పుకోలేదు. ఆపలేదు. తనకు తెలిసిన పద్ధతిలో సరిచేయడానికి పోయింది.

గేటు దగ్గర నేను, కాపలా మనిషి మిగిలాం. ఆయన బీడీ వెలిగించుకొని, మీవాళ్లు ఎందుకు చెరో దిక్కు పోయారని కన్నడంలో అడిగాడు. చెప్పడానికి మాటలు దొరక్క, పోట్లాడుకున్నారని చెప్పాను. అర్థమైనట్టు తల ఊపాడు.

చాలాసేపటికి టక్ టక్ మని మొదట చప్పుడు వచ్చింది, తరువాత మామ కనిపించాడు. కర్ర రాళ్లకు తాకిస్తూ, గడ్డం కొంచెం పైకెత్తి వస్తున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎదురు పోదామని కాలు ముందుకు వేసి, ఆగిపోయాను. ఆయన గేటు దాకా వచ్చాడు. రాళ్ల వరుస అయిపోయిన చోట కర్ర గాలిలో ఊగింది. కుడిచెయ్యి చాచి వెతికాడు. గేటు కమ్మీ దొరికింది. దాన్ని పట్టుకొని కాసేపు అలాగే నిలబడ్డాడు.

"అయింది," అన్నాడు.

నేను నీళ్లసీసా ఇచ్చాను. సగం తాగి, మిగిలింది మొహం మీద చల్లుకున్నాడు.

"మీ అత్త ఎదురైంది," అన్నాడు.

"ఎక్కడ?"

"ఖదాన్ మలుపు కాడ. ఎవరో వస్తుండ్రని తెలిసింది. ఎవరది అన్న. నేనే అన్నది. ఎటు పోతున్నవే అన్న. నువ్వెటు పోతలేవో అటు అన్నది." ఇక్కడ కొంచెం నవ్వాడు. "చెయ్యి పట్టుకుంటదేమొ అనుకున్న. అక్కడ పట్టుకుంటె నేను ఏమనకపోతుంటి అల్లుడా. ఖదాన్ ఎటున్నదో, తొవ్వ ఎటున్నదో ఒక్క నిమిషం నాకు సమజ్ కాలే. మస్తు భయమైంది. పట్టుకోలే. బండ్లబాటకు అడ్డంగ నిలబడి, రాళ్ల పక్క నాకిడిసిపెట్టింది. నేను పోయినంకనే కదిలింది. ఇనబడ్డది నాకు."

అత్త రాలేదు. ఆమె మొదలుపెట్టింది ఆలస్యంగానే, కానీ అంత ఆలస్యంగా కాదు. మామ రాయి మీద కూర్చున్నాడు. కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"కనబడ్తాందా?"

"ఇంక లేదు మామా."

"మోకాళ్లు నొస్తున్నయేమొ. కూసున్నదేమొ యాడన్న. గట్టిగ పిలువరాదు?"

"పిలిస్తె ఒప్పుకుంటదా?"

"ఒప్పుకోదు," అన్నాడు.

ఆయన లేచి గేటు నుంచి రెండు అడుగులు లోపలికి వెళ్లి నిలబడ్డాడు. ఇంట్లో ఎన్నోసార్లు చూశాను, ఆయన బాత్రూముకు పోయి రావడం ఆలస్యమైనా అత్త అలాగే వచ్చి తలుపు దగ్గర నిలబడేది.

అప్పుడు దూరంగా, రెండు మొద్దుల మధ్య, అత్త చీర కనిపించింది. ఒక వంగిన కొమ్మ దగ్గర ఆగి చింతచిగురు దూసి కొంగులో వేసుకుంటోంది. పప్పులో వేయడానికి. తొందరేమీ లేనట్టు కోసింది. తరువాత కొంగు ముడివేసుకొని, పక్కకు ఒరుగుతూ మా వైపు నడవడం మొదలుపెట్టింది.

నేను చెప్పబోయి ఊరుకున్నాను. మామ తలను మెల్లగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పుతున్నాడు. ఒక మొద్దు చూస్తున్నాడు, దాని పక్క ఖాళీ చూస్తున్నాడు, ఇంకో మొద్దు చూస్తున్నాడు. ఆమెను దాటి పోయాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. ఆగాడు.

"అదిగో," అన్నాడు. "వస్తాంది."